దిక్కులేనివారికి దిక్కు: ఫ్రిట్జాఫ్ నాన్సెన్

1918 నవంబరు 11వ తేదీన ఐరోపాలో ఫిరంగులు నోరు మూసికొనెను. రాజధానులలో గంటలు మ్రోగెను. జనులు వీథులలోనికి వచ్చి ఉత్సవములు చేసికొనిరి. కాని ఆ దినమున రష్యాలోను, సైబీరియా మంచుమైదానములలోను ఉన్న చెరశిబిరములలో లక్షలకొలది సైనికులు ఇంకను మ్రగ్గుచునే ఉండిరి. వారిలో పలువురు 1914, 1915 సంవత్సరములలో పట్టువడినవారు. రష్యాలో అంతర్యుద్ధము చెలరేగుచుండుటచే రైళ్లు సరిగా నడచుట లేదు. అంతకంటె విచిత్రమైన చిక్కు మరియొకటి కలదు. వారిని యుద్ధమునకు పంపిన ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యమే భూపటమునుండి తొలగిపోయెను. ఏ చక్రవర్తికి ప్రజలై వారు ఇల్లు వెడలిరో ఆ చక్రవర్తి 1916లోనే మరణించెను. ఆయన వారసుడు సింహాసనమును విడిచెను. వారి స్వగ్రామములు చెకొస్లొవేకియాలోనో, రుమేనియాలోనో, యుగోస్లావియాలోనో, పోలండులోనో చేరిపోయెను. వీరు ఇప్పుడు ఎవరి సైనికులు? వీరిని విడువుమని అడుగవలసినవారెవరు? సంధిపత్రములపై సంతకములైన పిమ్మట కూడ ఈ ప్రశ్నకు సమాధానము దొరకలేదు. తుదకు 1920లో ఈ భారము ఒక నార్వే శాస్త్రజ్ఞుని భుజములపై పడెను. అప్పటికి ఆయన వయస్సు 58 సంవత్సరములు. రాజకీయవేత్తగా కంటె ఉత్తర ధ్రువ ప్రాంత యాత్రికుడుగానే లోకము ఆయనను ఎరుగును.

ఫ్రిట్జాఫ్ నాన్సెన్ 1861 అక్టోబరు 10వ తేదీన నార్వే రాజధాని క్రిస్టియానియా సమీపమున జన్మించెను. ఆ నగరమునకే 1925లో ఓస్లో అను పూర్వనామము మరల వచ్చెను. తండ్రి న్యాయవాది, నియమపరుడు. స్కీలు అను పొడవాటి కఱ్ఱపలకలు పాదములకు కట్టుకొని మంచుపై జారుటయందు తల్లికి మక్కువ మెండు. ఆ విద్య కుమారునకు ఉగ్గుపాలతోనే అబ్బెను. విశ్వవిద్యాలయములో నాన్సెన్ జంతుశాస్త్రమును ఎన్నుకొనెను. ఆ శాస్త్రము చదివినచో నాలుగు గోడల మధ్య కాక ఆరుబయట తిరుగు అవకాశము కలుగునని ఆయన ఆశ. 1882లో సీలు జంతువులను వేటాడు ఓడపై మొదటిసారి ఉత్తర హిమసముద్రమును చూచెను. తరువాత బెర్గెన్ నగరపు వస్తుప్రదర్శనశాలలో ఉద్యోగమున చేరి, సూక్ష్మదర్శినితో నాడీమండలమును పరిశోధించి 1888లో డాక్టరు పట్టమును పొందెను.

అదే సంవత్సరమున ఆయన గ్రీన్లాండు ద్వీపమును అడ్డముగా దాటుటకు పూనుకొనెను. అంతవరకు ఆ మంచుపీఠభూమిని ఆ కొననుండి ఈ కొనకు దాటినవారు లేరు. పూర్వము యత్నించినవారు జనావాసములున్న పశ్చిమతీరమున బయలుదేరి, కష్టము తోచగనే వెనుకకు మరలిరి. నాన్సెన్ దీనిని తలక్రిందులు చేసెను. నిర్మానుష్యమైన తూర్పుతీరమున దిగి పశ్చిమమునకు నడచుటకు నిశ్చయించెను. వెనుక ఊరు లేదు, ఓడ లేదు. ముందునకు పోవుట తప్ప వేరు గతి లేదు. దీనిని ఉన్మాదమని ఆక్షేపించినవారు స్వదేశములోనే ఉండిరి. అయిదుగురు సహచరులతో ఆయన దాటి చూపెను. పశ్చిమతీరము చేరునప్పటికి ఆ సంవత్సరపు కడపటి ఓడ వెడలిపోయినందున శీతకాలమంతయు ఎస్కిమోల నడుమ గడపి, వారి పడవలను, వేటను, జీవనపద్ధతిని నేర్చికొనెను.

తరువాతి యాత్ర మరింత సాహసమైనది. 'జానెట్' అను ఓడ 1881లో సైబీరియాకు ఉత్తరమున మంచులో నలిగి మునిగెను. మూడేండ్లకు దాని శిథిలములు కొన్ని గ్రీన్లాండు తీరమున దొరికెను. దీనినిబట్టి మంచుగడ్డలు ధ్రువప్రాంతముగుండ ప్రవహించుచున్నవని నాన్సెన్ ఊహించెను. మంచు నలిపినచో విరుగక పైకి లేచునట్లు గుండ్రని అడుగు గల 'ఫ్రామ్' అను ఓడను కట్టించెను. 1893లో పండ్రెండుగురు సహచరులతో బయలుదేరి, దానిని బుద్ధిపూర్వకముగనే మంచులో చిక్కుపడనిచ్చెను. 1895 మార్చిలో యోహాన్సెన్ అను సహచరునితో ఓడ దిగి, కుక్కలబండ్లతో ధ్రువము వైపు సాగి, ఏప్రిల్‌లో 86 డిగ్రీల 14 నిమిషముల ఉత్తర అక్షాంశమును చేరెను. అంతవరకు మానవుడు అంత ఉత్తరమునకు పోయి ఉండలేదు. అచ్చట ఆయన చేసిన పని గమనింపదగినది. ధ్రువము ఇంక నాలుగు డిగ్రీల దూరములో ఉండగా, పోయినచో తిరిగి రాలేమని లెక్క కట్టి, వెనుకకు మరలెను. తరువాతి శీతకాలమును ఆ ఇరువురు రాళ్లతోను, వాల్రస్ తోళ్లతోను కట్టిన గుడిసెలో ఎలుగుబంటి మాంసము తినుచు గడపిరి. 1896లో వారును, ఫ్రామ్ ఓడయు కొలది దినముల ఎడముతో నార్వే చేరిరి. పదుముగ్గురిలో ఒక్కరును మరణింపలేదు. ఎన్ని బిస్కట్లు, ఎన్ని దినములు, ఎంత దూరము అని ముందే లెక్క వేసికొను ఈ గుణమే తరువాత లక్షల మందికి ప్రాణభిక్ష పెట్టెను.

1905లో నార్వే స్వీడనునుండి విడివడినప్పుడు రక్తపాతము లేకుండ ఆ పని జరుగుటకు నాన్సెన్ తన పలుకుబడిని వినియోగించెను. అటుపై రెండు సంవత్సరములు లండనులో నార్వే రాయబారిగా ఉండెను. 1907లో భార్య ఈవా మరణించుటయు, 1913లో చిన్న కుమారుడు పోవుటయు ఆయనను క్రుంగదీసెను. సముద్రశాస్త్రములో మునిగి దుఃఖమును మరచుటకు యత్నించుచుండగా మహాయుద్ధము వచ్చెను. నార్వే తటస్థరాజ్యమైనను, ఓడల రాకపోకలు ఆగి ధాన్యము కొరవడెను. 1917లో ఆయన వాషింగ్టనుకు పోయి నెలల తరబడి బేరసారములు జరిపి, 1918 వసంతమున తన దేశమునకు తిండిగింజలు వచ్చునట్లు ఒప్పందము కుదిర్చెను. యుద్ధమన్నది రణరంగమున మాత్రమే కాక వంటయింటిలో కూడ జరుగునని ఆయనకు అప్పుడు అనుభవమయ్యెను.

1920 ఏప్రిల్‌లో నానాజాతిసమితి ఆయనను యుద్ధఖైదీలను ఇండ్లకు చేర్చు హైకమిషనరుగా నియమించెను. హోదా గొప్పదే, చేతిలో ధనము లేదు, ఓడలు లేవు, సిబ్బంది లేదు. పైగా సోవియట్ ప్రభుత్వము సమితిని గుర్తింపనని భీష్మించెను. సమితి ప్రతినిధితో మాటలాడనన్నది. నాన్సెన్ మాస్కో వెళ్లి, సమితి పేర కాక తన పేరనే మాటలాడుటకు సిద్ధపడెను. సమస్త రాజ్యముల పక్షమున చేయలేని ఒప్పందము ఒక వ్యక్తి మాటపై కుదిరెను. ఖైదీలను రైళ్లలో సరిహద్దువరకు చేర్చుట రష్యా వంతు. అటనుండి ఓడలలో తరలించుట నాన్సెన్ వంతు. యుద్ధములో ఓడిన జర్మనీనుండి మిత్రరాజ్యములు తీసికొన్న ఓడలలో కొన్నింటిని ఆయన అడిగి తెచ్చెను. ఎస్తోనియాలోని నార్వా నుండి జర్మనీలోని స్టెట్టిన్ రేవునకు బాల్టిక్ సముద్రముపై ఆ ఓడలు ఎడతెగక తిరిగెను. వచ్చునప్పుడు జర్మన్లు, హంగేరియన్లు, పోవునప్పుడు రష్యన్లు. నల్లసముద్రపు రేవులనుండియు, దూరప్రాచ్యములోని వ్లాడివొస్టాక్ నుండియు మరికొందరు వచ్చిరి.

1922 నాటికి లెక్క ముగిసెను. స్వస్థలములు చేరినవారు 4,27,886 మంది. వారు ఇరువదికి పైగా దేశములవారు. తలకు సగటున అయిన వ్యయము ఒక పౌను లోపు. ప్రభుత్వ కచేరీలలో జాబితాలు వ్రాసి, బండ్లు సమకూర్చి, రశీదులు సరిచూచు పని ఎరిగినవారికి ఈ అంకెలలోని కష్టము తెలియును. ఇందు యుద్ధవిజయపు ఆర్భాటమేమియు లేదు. ఒక్కొక్క పేరును వ్రాసి, ఆ మనుష్యుని ఓడ ఎక్కించి, అవతల గట్టున దించుటయే. ఈ పనిలో ఆయనకు కుడిభుజముగా నిలచిన ఆంగ్లయువకుడు ఫిలిప్ నోయెల్-బేకర్ తరువాత 1959లో నోబెల్ శాంతిబహుమానమును పొందెను.

ఈ పని నడుచుచుండగనే ఓల్గా నదీతీరమున క్షామము దాపురించెను. ఏడు సంవత్సరముల యుద్ధము, అంతర్యుద్ధము, ప్రభుత్వము బలవంతముగా ధాన్యము సేకరించుట, వీటికి తోడు 1921 నాటి అనావృష్టి. అన్నియు కలసి కోట్లాది జనులను ఆకలిపాలు చేసెను. 1921 ఆగస్టులో జినీవాలో సమావేశమైన రెడ్‌క్రాస్ మొదలగు సంఘములు సహాయకార్యమునకు నాన్సెన్‌ను నాయకునిగా ఎన్నుకొనెను. సెప్టెంబరులో ఆయన నానాజాతిసమితి సభలో నిలచి, రాజ్యములు ఋణమిచ్చినచో ప్రాణములు నిలుపవచ్చునని ప్రాధేయపడెను. అమెరికాఖండములో ధాన్యపురాసులు కొనువారు లేక పడియుండగా, ఐరోపాలో మనుష్యులు గడ్డియు, చెట్టుబెరడును తినుచున్నారని చెప్పెను. సభ్యులు సానుభూతి చూపిరి; ధనము మాత్రము ఇవ్వలేదు. అన్నము పంపినచో బోల్షివిక్ ప్రభుత్వము బలపడునని పలువురి భయము. ఆకలిగొన్న పసివాడు ఏ పక్షమువాడని విచారించి ముద్ద పెట్టుట ఆయనకు చేతకాని విద్య.

ప్రభుత్వములు త్రోసిపుచ్చిన పిమ్మట ఆయన ప్రజలను ఆశ్రయించెను. 1921 చలికాలమున స్వయముగా ఓల్గా గ్రామములలో తిరిగి, అచ్చటి దృశ్యములను ఛాయాచిత్రములుగా తీసి, ఐరోపా నగరములలో ఉపన్యాసములిచ్చుచు తెరపై చూపెను. చిల్లర నాణెములు కూడి మూటలయ్యెను. నిజము చెప్పవలెనన్నచో, ఆ క్షామమున అధికసంఖ్యాకులకు అన్నము పెట్టినది హెర్బర్ట్ హూవర్ నడపిన అమెరికా సహాయసంస్థయే. 1922 వేసవిలో అది దినమునకు కోటిమందికి పైగా భోజనమిడెను. నాన్సెన్ సంఘములు పోషించినవారు అందులో కొలదిభాగము. అయినను సుమారు 50 లక్షల మంది మరణించిరని చరిత్రకారుల అంచనా. సమితి సభలో ఆ సెప్టెంబరు దినములలోనే చేతులు పైకి లేచియున్నచో ఎందరు బ్రదికెడివారో!

యుద్ధము, విప్లవము కలసి కన్న మరియొక సంతానము నిర్వాసితులు. సుమారు 15 లక్షల రష్యన్లు దేశము విడిచి కాన్‌స్టాంటినోపుల్, బెర్లిన్, పారిస్, హార్బిన్ నగరములలో చెదరియుండిరి. 1921 డిసెంబరులో సోవియట్ ప్రభుత్వము వారిలో అధికసంఖ్యాకుల పౌరసత్వమును రద్దు చేసెను. కాగితము లేనివానికి కూలిపని కూడ దొరకదు. సరిహద్దు దాటిన చెర, దాటకున్న ఆకలి. ఒక దేశపు పోలీసులు రాత్రివేళ అవతలికి నెట్టగా, ఆవలి దేశపు పోలీసులు మరునాటి రాత్రి ఇవతలికి నెట్టుట జరుగుచుండెను. 1921లోనే నాన్సెన్ నిర్వాసితుల హైకమిషనరు పదవిని కూడ స్వీకరించి ఉండెను. వారికి తిండి, బట్ట కంటె ముందు కావలసినది ఒక పేరు, ఒక గుర్తింపు అని ఆయన గ్రహించెను. 1922 జూలైలో జినీవాలో సమావేశమైన ప్రభుత్వములు ఆయన సూచించిన గుర్తింపుపత్రమునకు సమ్మతించెను. దానికే నాన్సెన్ పాస్‌పోర్టు అని పేరు వచ్చెను. క్రమముగా 50కి పైగా ప్రభుత్వములు దానిని అంగీకరించెను. 1924లో ఆర్మేనియన్లకు, 1928లో అస్సీరియన్లకు ఆ సౌకర్యము లభించెను. పత్రముపై అంటించు బిళ్లకు అయిదు బంగారు ఫ్రాంకుల రుసుము; ఆ సొమ్ము మరల నిర్వాసితుల సహాయమునకే చేరుచుండెను. దిక్కులేని జనమునకు ప్రపంచములో ఒక మనుష్యుని పేరు దేశముగా మారుట అదియే మొదలు.

సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షాగాల్ ఆ పత్రముతో తిరిగినవారే. 1923లో లండను రంగస్థలముపై మన ఉదయశంకరునితో రాధాకృష్ణ నృత్యమాడిన అన్నా పావ్లోవా పేరును ఆ కోవలోనే చెప్పుదురు. అయితే ఆ కాగితము సర్వరోగనివారిణి కాదు. అది పౌరసత్వమును ఈయలేదు. పోయిన దేశమునుండి తిరిగి వచ్చు హక్కును కూడ తొలుత ఈయలేదు. రచయిత నబొకొవ్ ఆ పత్రమును చేతబట్టి కచేరీల చుట్టు తిరుగుటలోని అవమానమును జీవితాంతము మరువలేదు. అయినను ఏ కాగితమును లేనివాని స్థితితో పోల్చినచో అది స్వర్గమే. బర్మాలో ఆస్తులు వదలి 1960 ప్రాంతముల తరువాత కట్టుబట్టలతో ఓడ దిగిన తెలుగువారి కుటుంబములకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. విశాఖపట్నములో బర్మాక్యాంపు అను పేట పేరు నేటికిని నిలిచియున్నది.

1922 సెప్టెంబరులో స్మర్నా నగరము తగులబడెను. గ్రీకు సైన్యము టర్కీలో ఓడిపోయిన పిమ్మట ఆనటోలియాలోని గ్రీకు క్రైస్తవులు ప్రాణములు అరచేత పట్టుకొని సముద్రతీరమునకు పరుగెత్తిరి. సుమారు 50 లక్షల జనాభా గల గ్రీసు దేశమున పది లక్షలకు పైగా శరణార్థులు వచ్చి పడిరి. నానాజాతిసమితి మరల నాన్సెన్‌నే పంపెను. రెండు ప్రభుత్వములతోను మాటలాడి, ఇచ్చటి ముస్లిములను అచ్చటికి, అచ్చటి క్రైస్తవులను ఇచ్చటికి మార్చుటయే దారి అని ఆయన ప్రతిపాదించెను. 1923 జనవరి 30వ తేదీన లోజాన్‌లో ఒడంబడిక జరిగెను. అందు మార్పిడి నిర్బంధమయ్యెను. ఇష్టానిష్టములతో పని లేదు. కాన్‌స్టాంటినోపుల్‌లోని గ్రీకులను, పశ్చిమ త్రేస్‌లోని ముస్లిములను మాత్రము మినహాయించిరి. మొత్తము సుమారు 12 లక్షల క్రైస్తవులు, మూడున్నర లక్షలకు పైగా ముస్లిములు దీనికి లోబడిరి.

నాన్సెన్ జీవితములో మిక్కిలి తర్కింపబడిన పని ఇదియే. మార్పిడికి గీటురాయి మతము, భాష కాదు. ఆనటోలియా నడుమ తరతరములుగా టర్కీభాష తప్ప ఎరుగని క్రైస్తవులను గ్రీసుకు పంపిరి. క్రీటులో గ్రీకుభాష తప్ప రాని ముస్లిములను టర్కీకి పంపిరి. ఇద్దరును కొత్త ఊరిలో పరదేశులుగనే చూడబడిరి. ఆయన పక్షమున చెప్పదగిన మాట ఒకటి కలదు: గ్రీకులలో అధికసంఖ్యాకులు ఒడంబడికకు ముందే పారిపోయి వచ్చిరి, వారు తిరిగి పోవుట కల్ల. కాని జరిగిన దౌర్జన్యమునకు చట్టపుముద్ర వేసినచో, తరువాతివారికి అది ఉదాహరణగా దొరకును. 1947లో పంజాబున ఏ ఒడంబడికయు లేకుండగనే అంతకంటె ఎన్నో రెట్లు జనము రెండు వైపులకు నడచెను. ఢిల్లీలోని నిర్వాసితుల కాలనీలలో ఆ తరము వృద్ధుల నోట వినవచ్చినది కూడ క్రీటు ముస్లిముల కథయే: ఇల్లు అక్కడ, ఒళ్లు ఇక్కడ. నాన్సెన్ తాను చేసినదానిని వదలి చేతులు దులుపుకొనలేదు. 1924లో సమితి పూచీతో గ్రీసుకు సుమారు ఒక కోటి పౌన్ల ఋణము లభించెను. ఆ సొమ్ముతో శరణార్థులకు భూములు, ఇండ్లు, పనిముట్లు సమకూరెను.

ఈ చర్చలు జరుగుచుండగనే, 1922 డిసెంబరులో ఆయనకు నోబెల్ శాంతిబహుమానము లభించెను. ఆ ధనమును ఆయన సహాయకార్యములకే వెచ్చించెను; రష్యాలో నమూనా వ్యవసాయక్షేత్రములు వెలసినది దానితోనే.

ఆర్మేనియన్ల విషయములో మాత్రము ఆయనకు మిగిలినది ఓటమియే. 1915 నాటి మారణకాండలో మిగిలి, సిరియాలోను, గ్రీసులోను గుడారములలో బ్రదుకుచున్న ఆ జాతికి రాజ్యములన్నియు యుద్ధకాలమున వాగ్దానములు చేసెను; యుద్ధము ముగిసిన పిమ్మట మరచెను. 1925లో నాన్సెన్ సోవియట్ ఆర్మేనియాకు పోయి, బీడుభూములకు కాలువలు త్రవ్వి శరణార్థులను నిలుపు పథకమును సిద్ధము చేసెను. సంవత్సరము వెంట సంవత్సరము సమితి సభలో దానిని అడుగుచునే ఉండెను. ప్రతి ప్రభుత్వమును మెచ్చుకొనెను. ఏ ప్రభుత్వమును తగిన ధనమీయలేదు. ఆ పథకము కాగితముపైననే నిలచిపోయెను.

1930 మే 13వ తేదీన లిసాకర్‌లోని తన ఇంటిలో నాన్సెన్ మరణించెను. నార్వే జాతీయదినమైన మే 17న అంత్యక్రియలు జరిగెను. ఆయన పేర ఏర్పడిన అంతర్జాతీయ నిర్వాసిత కార్యాలయమునకు 1938లో నోబెల్ శాంతిబహుమానము వచ్చెను. ఆ మరుసటి యేడే రెండవ మహాయుద్ధము వచ్చెను. విధివిలాసము చూడుడు: రష్యా క్షామకార్యమునను, ఆర్మేనియా యాత్రలోను నాన్సెన్‌కు సహాయకుడుగా ఉన్న విడ్కున్ క్విస్లింగ్ నార్వేను ఆక్రమించిన హిట్లరు సేనలకు తొత్తై, దేశద్రోహమునకే పర్యాయపదముగా మిగిలెను. నాన్సెన్ కుమారుడు ఆడ్ యూదుశరణార్థులకు తోడ్పడి, 1942 మొదలు 1945 వరకు నాజీల చెరలో ఉండెను. ఇద్దరును ఒకే మనుష్యుని దగ్గర పని నేర్చినవారు.

1951లో ఐక్యరాజ్యసమితి నిర్వాసితుల హైకమిషనరు కార్యాలయము పని ప్రారంభించెను. అదే సంవత్సరమున జినీవాలో నిర్వాసితుల ఒడంబడిక జరిగెను. భారతదేశము దానిలో చేరలేదు. ఆ ఒడంబడికలో నిర్వాసితుడనగా ఎవరని నిర్వచించు మొదటి అధికరణము, 1926, 1928 సంవత్సరముల పూర్వపు ఏర్పాట్ల క్రింద గుర్తింపబడినవారిని అన్నిటికంటె ముందు పేర్కొనుచున్నది. నాన్సెన్ పత్రము పొందిన రష్యన్లు, ఆర్మేనియన్లు అప్పటికి వృద్ధులైరి. ఆయన పోయి ఇరువది యొక్క సంవత్సరములైనను, ఆ పత్రము వారి పెట్టెలలో ఇంకను భద్రముగా ఉండెను.